వెడల్పు

జీపు దిగేసరికి ఊరంతా కళ్ళం మీదే ఉంది.
నూర్పిళ్ళయి నాలుగు రోజులే,
బర్తంగ్ లోయ గాలిలో ఇంకా పొట్టు ఎగురుతోంది.
నా దగ్గర ఒక టేపు,
ఖొరోగ్ ఆఫీసులో గీసిన బొమ్మ,
అరబస్తా సున్నం.

బొమ్మలో వంతెన సన్నగా, ముద్దుగా ఉంది.
పొడవు అరవై రెండు మీటర్లు, ఇనుప తాళ్ళు నాలుగు,
కాలు పెట్టే పలకల వెడల్పు డెబ్భై సెంటీమీటర్లు.
"మనిషి నడవడానికి చాలు," అన్నాడు మా చీఫ్,
మనిషంటే ఎప్పుడూ ఒక్కడే అన్నట్టు,
ఎప్పుడూ ఖాళీ చేతులే అన్నట్టు.

కాగితం మర్యాదగా చేతులు మారింది.
ఎవరూ ఏమీ అనలేదు.
ఒక మూల వెన్న మరకతో
తిరిగి నా ఒళ్ళోకే వచ్చింది.

అప్పుడు సున్నం సంచి విప్పాను.
కళ్ళం ఈ కొస నుంచి ఆ కొసకు
ముగ్గు పోసినట్టు రెండు గీతలు పోశాను.
"ఇదీ మీ వంతెన. గీత అవతలంతా నది."

ముందు పిల్లలు దాటారు, పరుగున.
ఒకడు కావాలనే నీళ్ళలో పడి చచ్చిపోయాడు,
లేచి వచ్చి మళ్ళీ చచ్చిపోయాడు.
నెక్‌ఖదం తన గాడిదను తోలుకొచ్చాడు,
అటొకటి ఇటొకటి బంగాళాదుంపల బస్తాలతో.
గాడిద వంతెన మీద నడిచింది,
బస్తాలు నదిలో నడిచాయి.
ఎనభై, అని రాసుకున్నాను.

సబొహత్‌కు ఎనిమిదో నెల.
ఆసుపత్రికి పోయే రోడ్డు అవతలి ఒడ్డున.
అత్త ఒక రెక్క, ఆడబిడ్డ ఒక రెక్క పట్టుకుంటే
ముగ్గురూ పక్కవాటుగా జరిగి జరిగి
నడినదిలో నవ్వాపుకోలేక చతికిలబడ్డారు.
"ఒకరు ముందు, ఒకరు వెనక పట్టుకుంటే సరిపోదా?" అన్నాను.
"నొప్పులు నీకొచ్చినప్పుడు అట్లాగే పట్టుకుంటాంలే," అంది అత్త.
తొంభై.

పెళ్ళి లేకుండానే ఒక పెళ్ళిగుంపు డప్పుతో దాటింది.
కింద ఎవరున్నారో తెలియని మేత మోపు ఒకటి దాటింది.
ఒక కుట్టుమిషను దాటింది, ఎందుకో.

దవ్లత్‌మో మాత్రం గీత పక్కనే నిలబడి ఉంది.
మూడేళ్ళ కిందట ఆమె భర్త అవతలి ఒడ్డున పోయాడట.
నీళ్ళు తగ్గేదాకా రెండు రోజులు అక్కడే ఉంచి
చివరికి తమ్ముడి వీపుకు కట్టి
తాడు మీద తెచ్చారట,
మూటలా.

"నలుగురు మోయాలి," అంది.
"మోసేవాళ్ళ కాళ్ళు తడవకూడదు."

ఎవరో నిచ్చెన తెచ్చారు.
దాని మీద పడుకోమని ఎవరినీ అడగలేదు,
ఒక పరుపు చుట్ట పెట్టారు.
నలుగురు భుజాలకెత్తుకున్నారు.
మాటిమాటికీ చచ్చిపోతున్న పిల్లాడు కూడా
లేచి, టోపీ సరిచేసుకుని నిలబడ్డాడు.

ఈ పక్క చెప్పుల అంచు నుంచి
ఆ పక్క చెప్పుల అంచుకు మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాను.
నూట పదిహేను.

నాకు తెలుసు, పలక వెడల్పయితే
గాలికి అలుసవుతుంది,
తాళ్ళు లావెక్కాలి,
ఒడ్డున దిమ్మకు ఇంకో మీటరు గొయ్యి తవ్వాలి,
సిమెంటు ఇంకో లారీ,
చీఫ్ కళ్ళజోడు తీసి ఇంకోసారి తుడుచుకుంటాడు.
పుస్తకంలో నూట పదిహేను కింద
రెండు గీతలు గీశాను.

"మొదలెప్పుడు?" అన్నాడు ముసలి ఖుర్బన్‌షో.
మంచు పడేలోపు కాదు, అన్నాను.
వసంతంలో కావచ్చు, సంతకాలైతే.
వాన కబురు విన్నట్టు తలూపాడు.

పొద్దు కొండ వెనక్కి జారింది.
కళ్ళమంతా ఖాళీగా పడి ఉన్నా
ఇళ్ళకు వెళ్ళేవాళ్ళంతా గీతల మధ్య నుంచే వెళ్ళారు,
ఎదురొచ్చేవాళ్ళు దిగేదాకా ఆగి మరీ.
అందరికన్నా చివర దవ్లత్‌మో,
కుడిచెయ్యి పక్కకు చాపి
ఇంకా లేని తాడు పట్టుకుని.

చేతితాడు ఎంత ఎత్తుండాలో
ఎవరినీ అడగలేదని అప్పుడు తట్టింది.
టేపు పట్టుకుని
ఆమె వెనకాలే పరుగెత్తాను.